బోర్డు తగిలిస్తే చాలునా?

తెలుగునాట నేడు "కౌన్సెలింగ్" అన్న మాటకు ఎన్ని అర్థాలు వాడుకలో ఉన్నవో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చినవారికి సీట్లు పంచడం కౌన్సెలింగ్. బదిలీ కోరిన ఉపాధ్యాయులకు ఖాళీల జాబితా చూపి ఊరు ఎంచుకొమ్మనడం కౌన్సెలింగ్. రౌడీషీటర్లను ఠాణాకు పిలిపించి, వరుసగా నిలబెట్టి హెచ్చరించి పంపడమూ కౌన్సెలింగే. తాగి బండి నడిపి దొరికినవాడికీ కౌన్సెలింగే, తగవులాడుకున్న ఆలుమగలకూ కౌన్సెలింగే. చిట్టచివరకు, పదహారేళ్ళ పిల్ల రాత్రుళ్ళు నిద్రపట్టక, బ్రతకాలని లేదన్న మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక హాస్టలు వరండాలో తిరుగుతుంటే, ఆ పిల్లను కూర్చోబెట్టి మాట్లాడడమూ కౌన్సెలింగే.

ఒక మాట ఇన్ని పనులకు చాకిరీ చేస్తున్నదంటే అది భాషలోని పేదరికం కాదు. ఆ చివరి పని ఎవరు చేయాలి, ఏ అర్హతతో చేయాలి, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి అన్నది మనం ఎన్నడూ తేల్చుకోలేదనడానికి అది సాక్ష్యం.

మిత్రులారా, ఈ టపాలో నా వాదం సూటిగా చెబుతాను. బడిలో పిల్లల మనసుతో పనిచేసే మనిషికి చట్టబద్ధమైన లైసెన్సు ఉండి తీరాలి. అది లేనివారు ఆ పేరు పెట్టుకొనడం నేరం కావాలి. ఆ లైసెన్సుకు పెట్టే పరీక్షలో కొంత భాగమైనా పిల్లలు మాట్లాడే భాషలో జరగాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది గుమ్మం మీద తగిలించిన బోర్డు మాత్రమే.

ముందుగా పేర్ల సంగతి. సైకియాట్రిస్టు అంటే వైద్యపట్టా ఉన్న డాక్టరు, మందు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మనోరుగ్మతలను పరీక్షించి, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తాడు. పాఠశాల మనస్తత్వవేత్త పని వేరు. పిల్లవాడు ఎందుకు చదవలేకపోతున్నాడు, ఎందుకు బడికి రానంటున్నాడు, ఎందుకు తోటివారిని కొడుతున్నాడు లేదా ఎందుకు ఎవరితోనూ మాట్లాడడు అన్నది అతడు తరగతిలోనే చూసి, కొలిచి, ఉపాధ్యాయులతోనూ తల్లిదండ్రులతోనూ కలిసి దారి వెదకాలి. ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1913లోనే లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్‌ను ఇటువంటి పనికి నియమించింది. 1915లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌ను నియమించింది. ఆ బర్ట్ మహాశయుడు 1971లో మరణించిన తరువాత, కవల పిల్లల మీద ఆయన ప్రకటించిన లెక్కలు నమ్మదగినవేనా అని పెద్ద దుమారం రేగింది. వృత్తికి ఆద్యుడైన వాడి లెక్కలనే మరొకరు సరిచూడవలసి వచ్చిందంటే, మన వీధిలో వారాంతపు సర్టిఫికెట్టుతో కూర్చున్నవాడి మీద ఏ చూపూ అక్కరలేదని ఎట్లా అంటాం?

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే దానికి కారణం ఉన్నది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023 జూలైలో మరణించింది. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు (జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా) దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటి విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేదాకా ఇవే కట్టుబడవలసిన నియమాలన్నది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ చెప్పిన లెక్కను ఆ తీర్పు ముందుపెట్టింది. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ, బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో నిరూపించదగిన శిక్షణ పొందిన అర్హుడైన కౌన్సెలరో, మనస్తత్వవేత్తో, సామాజిక కార్యకర్తో ఒకరైనా ఉండాలన్నది. అంతకన్న చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలన్నది. మంచి మాట. చేతులెత్తి నమస్కరించవలసిన మాట.

కాని "అర్హుడైన" అన్న విశేషణం దగ్గర ఆగండి. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక విశేషణం దగ్గర ఆగడం నాకు అలవాటు. ఆ అర్హతను కొలిచేది ఎవరు? పట్టిక ఏది? న్యాయస్థానం గడప చూపించింది. ఆ గడప దాటే మనిషిని పరీక్షించే చట్టం మన దగ్గర లేదు.

లేదంటే కొందరు ఒప్పుకోరు. మూడు చట్టాలున్నవి కదా అంటారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఇది క్లినికల్ సైకాలజిస్టులను, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులను, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులను నమోదు చేస్తుంది. నమోదు లేకుండా ఆ వృత్తి చేసేవారికి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. (నేటి ధరల్లో వెయ్యి రూపాయలకు ఒక జత బడిబూట్లు రావచ్చు.) అయితే దాని దృష్టి అంతా వికలాంగుల పునరావాసం మీద. పాఠశాల మనస్తత్వవేత్త అన్న వర్గం అందులో లేదు.

రెండవది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. క్లినికల్ సైకాలజిస్టు ఎవరో ఇది చక్కగానే నిర్వచించింది. స్నాతకోత్తర పట్టా మీద రెండేళ్ళ పూర్తికాల చదువు, అందులో పెద్దల పర్యవేక్షణలో శిక్షణ ఉండాలన్నది. కాని అది రోగులకూ చికిత్సాలయాలకూ సంబంధించిన చట్టం. తరగతి గది దాని పరిధిలోకి రాదు.

మూడవది 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం. ఇందులో క్లినికల్ కాని సైకాలజిస్టులకు, కొన్ని రకాల కౌన్సెలర్లకు చోటు దొరికింది. మధుమేహం గురించి చెప్పేవారి పేరు ఉన్నది, కుటుంబ నియంత్రణ కౌన్సెలరు పేరు ఉన్నది. బడి కౌన్సెలరు పేరు మాత్రం లేదు. పైగా ఆ చట్టం కాగితం దిగి నేలమీదికి రావడానికే ఎంత కష్టపడిందంటే, కమిషన్‌నూ రాష్ట్ర మండళ్ళనూ ఏర్పాటు చేయండి మహాప్రభో అని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టవలసి వచ్చింది.

మూడు కంచెలు వేశారు. మూడింటి మధ్యా ఒక సందు మిగిలింది. ఆ సందులోనే మన బడి ఉన్నది.

ఇప్పుడు పక్కనే ఉన్న మరో దృశ్యం చూడండి. బడిలో తెలుగు పద్యం చెప్పాలంటే పండిత శిక్షణ పూర్తి చేయాలి. 2010 ఆగస్టు నుంచి టెట్ కూడా గట్టెక్కాలి. ఆపైన డీఎస్సీ. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు ఎన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నా సరే, రెండేళ్ళలో టెట్ ఉత్తీర్ణులు కావాలన్నది. ఆ తీర్పు మంచిచెడ్డలు మరొకసారి మాట్లాడుకుందాం. పోలిక మాత్రం గమనించండి. పిల్లవాణ్ణి బడికి చేర్చే బస్సు డ్రైవరుకు లైసెన్సు కావాలి. వాడికి జ్వరం వస్తే మాత్ర ఇచ్చే మందుల దుకాణంలో 1948 నాటి చట్టం ప్రకారం నమోదైన ఫార్మసిస్టు ఉండాలి. వాడికి సంధులు, సమాసాలు చెప్పే పంతులు పరీక్ష మీద పరీక్ష రాయాలి. వాడు "నేను చచ్చిపోతాను సార్" అన్నప్పుడు ఎదురుగా కూర్చొనే మనిషికి మాత్రం ఒక కుర్చీ, ఒక బోర్డు ఉంటే చాలు!

ఇది ఊహించి చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒక ఊరిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఒక్కసారి వింటే పద్యం అప్పజెప్పేవాడు. సీసపద్యమైనా తడబడేవాడు కాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ఒక్క పంక్తి చదవలేడు. స్టాఫ్ రూములో వాడికి "మొద్దు" అని పేరు స్థిరపడింది. చెవితో ఇంత పట్టగలిగినవాడు మొద్దు కానేరడని నాకు తోచింది. వాళ్ళ నాన్నకు చెప్పాను. ఆయన కూలిపని మానుకొని, పక్క పట్టణంలో "చైల్డ్ సైకాలజిస్ట్" అని బోర్డు కట్టిన చోటికి తీసుకుపోయాడు. అక్కడ అరగంట మాట్లాడి, పిల్లవాడికి ఏకాగ్రత లేదని తేల్చి, జ్ఞాపకశక్తి పెంచే పదిరోజుల కోర్సు అంటగట్టారు. వినగానే పద్యం పట్టేవాడికి జ్ఞాపకశక్తి కోర్సు! ఆ కూలివాడు అప్పు చేసి ఫీజు కట్టాడు. కోర్సు అయ్యాక కూడా వాడు చదవలేకపోతే, ఆ తండ్రి ఆఖరుకు నిర్ణయించుకున్నది ఒక్కటే: "నా కొడుక్కే రాదు, సైకాలజిస్టు దగ్గరికి పోయినా రాలేదు." తొమ్మిదిలో వాడు బడి మానేశాడు. తప్పుడు వైద్యం డబ్బు ఒక్కటే పట్టుకుపోదు, నమ్మకాన్ని కూడా పట్టుకుపోతుంది.

ఆ పిల్లవాడి చిక్కుకు నేడు చట్టంలో పేరున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. కాని చట్టంలో పేరుంటే చాలదు, బడిలో దాన్ని పసిగట్టే కన్ను ఉండాలి. ఆ కన్నుకు తెలుగు తెలిసి ఉండాలి. ఇక్కడ ఒక తెలుగు పండితుడి మనవి వినండి.

ఆంగ్లంలో చదివే పిల్లవాడు "బీ" అక్షరాన్ని "డీ"గా తిప్పి రాస్తాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెలుగు పిల్లవాడి తడబాటు అట్లా ఉండదు. "స్త్రీ" అన్న మాట రాసి చూడండి. పలుకులో అన్నిటికన్న చివర వచ్చే ఈకారం, రాతలో మొట్టమొదటి సకారం నెత్తిన గుడిదీర్ఘమై కూర్చుంటుంది. మధ్యలో పలికే తకారం కిందికి దిగి ఒత్తవుతుంది. పలుకు వరుస ఒకటి, చూపు వరుస మరొకటి. ప, ష, వ ల తేడా చిన్న గీత. మ, య ల తేడా అంతకన్న చిన్నది. ఇవి తెలియనివాడు తెలుగు పిల్లవాడి నోటుపుస్తకం చూసి ఏమి గ్రహిస్తాడు? ఇక మాట సంగతి. తెలంగాణ పిల్లవాడు "వచ్చిండు" అంటే, శ్రీకాకుళం పిల్ల తన ఊరి యాసలో జవాబు చెబితే, అది భాషాలోపమని లెక్కకట్టే పరీక్షకుడు పరీక్షకుడేనా? ఉట్నూరు వైపు గోండి, భద్రాచలం వైపు కోయ ఇంటిభాషగా పెరిగిన బిడ్డకు తెలుగే రెండవ భాష. ఆ బిడ్డను తెలుగులో కొలిచి "మందబుద్ధి" అని రాస్తే, మందబుద్ధి ఎవరిది?

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. అక్కడి ప్రభుత్వ బడిలో పిల్లవాడికి ప్రత్యేక విద్య అవసరమా అని పరీక్షించాలంటే ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. శిక్షణ పొందినవారే పరీక్షించాలి. అసాధ్యమైతే తప్ప ఆ పరీక్ష పిల్లవాడి మాతృభాషలోనో, వాడు బాగా అర్థం చేసుకొనే పద్ధతిలోనో జరగాలి. ఇది వారి సమాఖ్య చట్టం. అంటే డల్లాస్‌లో చదివే తెలుగు బిడ్డకు తెలుగులో పరీక్ష కోరే హక్కున్నది. దాచేపల్లిలో చదివే తెలుగు బిడ్డకు అటువంటి హక్కు ఏ చట్టమూ ఇంత స్పష్టంగా రాసి ఇవ్వలేదు. అక్కడ రాష్ట్రం ఇచ్చే అనుమతి లేనిదే బడిలో ఈ ఉద్యోగం చేయరాదు. వారి జాతీయ సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం 1,200 గంటలు పెద్దల పర్యవేక్షణలో పనిచేయాలి. అందులో 600 గంటలైనా బడిలోనే గడపాలి. బ్రిటన్‌లో 2009 నుంచి "ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు" అన్న పేరు చట్టరక్షణలో ఉన్నది. నమోదు లేకుండా ఆ పేరు చెప్పుకొంటే శిక్ష పడుతుంది.

వేయిమందిని చంపితేగాని వైద్యుడు కాడని మనకొక మోటు సామెత. గురువు ఎదుట గంటల కొద్దీ సాధన చేయించేది ఆ వేయిమందిని కాపాడడానికే. మన దగ్గర ఆ సాధన నేరుగా పిల్లల మీద జరుగుతున్నది. ఆ వేయిమంది ఎవరి బిడ్డలో ఎవరూ అడగడం లేదు.

లైసెన్సు పిల్లవాడికి మాత్రమే రక్ష కాదు. కౌన్సెలరుకు కూడా రక్షే. ప్రైవేటు కళాశాలలో కౌన్సెలరు జీతం ఇచ్చేది యాజమాన్యం. "ఆ అమ్మాయి నీతో ఏం చెప్పింది?" అని ప్రిన్సిపాలు అడిగితే చెప్పనని అనగలడా? "పొద్దున అయిదు గంటల స్టడీ అవర్ వల్లనే ఈ పిల్లలు కుంగిపోతున్నారు" అని కాగితం మీద రాసి సంతకం చేయగలడా? 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్ల మీద లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయకపోవడం నేరం. సంస్థ పరువు పోతుందని పైవారు నోరు నొక్కితే ఆ కౌన్సెలరు ఎటు నిలబడతాడు? ఏ రహస్యం దాచాలి, ఏది దాచితే నేరమవుతుంది అన్న వివేకం శిక్షణ వల్ల వస్తుంది. ఆ వివేకం ప్రకారం నిలబడే వెన్నెముక లైసెన్సు వల్ల వస్తుంది. "ఇది చేస్తే నా లైసెన్సు పోతుంది సార్" అనగల ఉద్యోగికి యజమాని కన్న పైన ఇంకొక ధర్మం ఉన్నదని అర్థం.

ఇక ఆక్షేపణలు.

"ఉన్నవారే కొద్దిమంది. లైసెన్సు పెడితే ఆ కొద్దిమందీ పోతారు." ఇది తేలికగా తోసివేయదగిన మాట కాదు. పల్లెలో పట్టభద్రుడైన డాక్టరు లేకనే ఆరెంపీ డాక్టరు బ్రతుకుతున్నాడు. పోస్టులు సృష్టించకుండా లైసెన్సు మాత్రమే పెడితే రేపు "ఆరెంపీ కౌన్సెలర్లు" పుడతారు. అందుకే రెండు మెట్లు కావాలంటున్నాను. మొదటి మెట్టు బడి కౌన్సెలరు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు ఉపాధ్యాయులకు కూడా మార్గదర్శనం, కౌన్సెలింగులో డిప్లొమా నడుపుతున్నారు. అటువంటి చదువు, కొంతకాలం పర్యవేక్షణ ఉన్నవారికి ఈ మెట్టు ఇవ్వవచ్చు. రెండవ మెట్టు పాఠశాల మనస్తత్వవేత్త. మనస్తత్వ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా, బడిలో పర్యవేక్షిత శిక్షణ ఉండాలి. పరీక్షించి పేరు పెట్టే అధికారం వీరికే. ఒక్కొక్క మండలానికి ఒకరున్నా మొదటి మెట్టువారికి అండ దొరుకుతుంది. ఇప్పటికే నిజాయితీగా పనిచేస్తున్నవారికి అర్హత పూర్తి చేసుకొనే గడువు ఇవ్వండి; బయటకు గెంటమని నేను అనడం లేదు.

"లైసెన్సు అంటే మరొక లంచం కౌంటరు." కావచ్చు. డ్రైవింగు లైసెన్సుకు లంచాలున్నవని లైసెన్సే వద్దని ఎవరైనా అన్నారా? దానికి మందు బహిరంగమైన పట్టిక. పేరు, అర్హత, నమోదు సంఖ్య, ఏయే భాషల్లో పరీక్ష నెగ్గారు, ఫిర్యాదుల మీద ఏ చర్య జరిగింది అన్నవి ఏ తల్లి అయినా తన ఫోనులో చూసుకొనేటట్లు ఉండాలి.

"మా కాలంలో పంతులే కౌన్సెలరు కాదా?" ఈ మాట నా ఈడువారే ఎక్కువగా అంటారు. పిల్లవాడి ముఖం వాడిపోతే మొదట చూసేది పంతులే, కాదనను. అయితే మార్కులు వేసే చేతికి పిల్లవాడు తన భయం అప్పగించడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతడకగా వెలువడిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వారందరికీ పంతుళ్ళు ఉన్నారు కదా! పంతులు పని గమనించడం, చేయి పట్టుకొని సరైన చోటికి చేర్చడం. ఆ సరైన చోటు ఉండాలి కదా అన్నదే నా గోడు.

"ఇది ఢిల్లీ చేయవలసిన పని." విద్య, వృత్తులు రెండూ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోనే ఉన్నవి, 25, 26 అంశాలు చూడండి. కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం పొందే మార్గమూ రాజ్యాంగంలోనే ఉన్నది. అమరావతికైనా హైదరాబాదుకైనా చేయాలన్న మనసుంటే అడ్డు లేదు.

చట్టం వచ్చేదాకా ఊరుకొందామా? వద్దు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మీ పిల్లల బడి యాజమాన్యాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. మీ కౌన్సెలరు ఏమి చదివారు? ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు పనిచేశారు? మా బిడ్డ భాష వారికి వచ్చునా? మా బిడ్డ చెప్పిన మాట ఎవరెవరికి చేరుతుంది? జవాబులు కాగితం మీద రాసి ఇమ్మనండి. నలుగురు అడిగితే నసుగుతారు, నలభైమంది అడిగితే వెదుకుతారు. ఈలోగా ఎవరి బిడ్డకైనా మనసు బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ అన్న ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తున్నది, తెలుగులోనూ మాట్లాడుతారు.

మీలో మనస్తత్వ శాస్త్రం చదివినవారు, బడులు నడిపేవారు ఉంటారు. నా వాదంలో లోపముంటే నిర్మొహమాటంగా ఖండించండి, సంతోషంగా వింటాను. కాని "అర్హుడైన" అన్న మాటకు అర్థం చెప్పకుండా మాత్రం దాటిపోకండి. ఆ అర్థం కోసం ఈ రోజు కూడా ఎక్కడో ఒక బిడ్డ, బోర్డు చూసి తలుపు తడుతూ ఉంటుంది.

స్వస్తి.